అలసందలు మొలకెత్తించేదానికి అంత దూరం పోవల్నా? విదేశీ స్పేస్ బయోటెక్ ల్యాబుకి ఇలా సిద్ధమవ్వండి

పీహెచ్‌డీలో ఉండగా ఆరు నెలల ల్యాబ్ పనికి జర్మనీ పోతున్నానని ఇంట్లో చెప్పిన రోజు మా అవ్వ అడిగిన మాట ఇది: "అలసందలు మొలకెత్తించేదానికి అంత దూరం పోవల్నా మే?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ స్కాలర్‌షిప్ అప్లికేషన్ తెరిచి చూస్తే అందులో ఉన్నదీ అదే ప్రశ్న. కాకపోతే ఇంగ్లీషులో, 500 పదాల్లో జవాబు రాయమంటారు.

అవ్వ మాటలో న్యాయం ఉంది. 2024 డిసెంబర్ 30న మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్ఎల్వీ-సి60లో క్రాప్స్ అనే చిన్న పెట్టె ఉంది. అందులో ఎనిమిది అలసంద గింజలు పెట్టి పంపితే నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, తర్వాత ఆకులూ వేశాయి. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు మెంతులు, పెసలు మొలకెత్తించారు. అంతరిక్ష జీవశాస్త్రం అంటే విమానం ఎక్కాల్సిందే అన్న రోజులు పోయాయి.

కాబట్టి మీరు ఎస్వీ యూనివర్సిటీలో ఉన్నా, పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఉన్నా, ఏర్పేడు దగ్గర ఐసర్‌లో ఉన్నా, ముందు ఒక కాగితం తీసుకుని రెండు గడులు గీయండి. మీ పనిలో తిరుపతిలో అయ్యేది ఒక గడిలో, అక్కడికి పోతే తప్ప కానిది రెండో గడిలో రాయండి. రెండో గడి ఖాళీగా ఉంటే ప్రయాణం మానుకోండి. నిండిపోయి ఉంటే ఇంకా ఆలోచించండి, ఆరు నెలల్లో అంత పని జరగదు. ఒకటి రెండు వాక్యాలు మిగిలాయంటే మీరు సిద్ధమవుతున్నట్టే.

మీ ప్రయోగానికి ఎంత సమయం కావాలి?

మనలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదని అప్లికేషన్‌లో రాసేస్తారు. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి ఆకర్షణ ఇక్కడున్న దానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. అంతరిక్ష కేంద్రం, అందులోని మనుషులు, టెస్ట్‌ట్యూబులు అన్నీ కలిసి ఆగకుండా పడుతూ ఉంటాయి కాబట్టి బరువు తెలియదు, అంతే. ఈ ఒక్క సంగతి సరిగ్గా అర్థమైతే నేల మీద మైక్రోగ్రావిటీని, అంటే ఈ బరువు తెలియని స్థితిని, ఎలా తెస్తారో కూడా అర్థమవుతుంది: దేన్నయినా స్వేచ్ఛగా పడనివ్వాలి.

జర్మనీలో బ్రెమెన్ నగరంలో 146 మీటర్ల టవర్ ఉంది. గాలి తీసేసిన గొట్టంలో క్యాప్సూల్‌ను పైనుంచి వదిలితే 4.74 సెకన్లు, కింది నుంచి పైకి విసిరితే దాదాపు 9.3 సెకన్లు బరువులేని స్థితి దొరుకుతుంది. ఫ్రాన్స్‌లో బోర్డో నుంచి ఎగిరే ఎయిర్‌బస్ విమానం ఎగుడుదిగుడుగా 31 సార్లు ఎగిసి పడుతుంది, ఒక్కోసారి 22 సెకన్ల చొప్పున. దానికి ముందూ వెనుకా దాదాపు రెట్టింపు బరువు పడే దశలు ఉంటాయని మర్చిపోకండి, మీ కణాలు వాటికి కూడా స్పందిస్తాయి. స్వీడన్‌లో కిరునా దగ్గర నుంచి పంపే సౌండింగ్ రాకెట్లలో ఆరు నిమిషాల దాకా వస్తుంది.

ఇప్పుడు మీ జీవి సంగతి చూడండి. ఈ.కోలై బ్యాక్టీరియా రెండింతలు కావడానికి మంచి పరిస్థితుల్లో 20 నిమిషాలు పడుతుంది. దాని ఎదుగుదలను 22 సెకన్లలో చూస్తానంటే వినేవాళ్లు నవ్వుతారు. కణంలో కాల్షియం సంకేతాలు మాత్రం సెకన్లలో మారతాయి, వాటికి ఆ విమానం సరిపోతుంది. వేర్లు ఎటు తిరుగుతాయి, బయోఫిల్మ్ (బ్యాక్టీరియా కట్టే జిగట పొర) ఎలా కడుతుంది లాంటి ప్రశ్నలకు గంటలు, రోజులు కావాలి. అప్పుడు మిగిలేవి అంతరిక్ష కేంద్రం, లేదా నేల మీద తిప్పే యంత్రాలు: క్లినోస్టాట్, ర్యాండమ్ పొజిషనింగ్ మెషీన్. మొదటిది మనకు అందేది కాదు కాబట్టి పీహెచ్‌డీలో మీరు చేసేది దాదాపుగా రెండో రకమే. కొలోన్‌లోని జర్మన్ అంతరిక్ష సంస్థ ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఈ యంత్రాలకు పేరున్న చోటు.

మైక్రోగ్రావిటీ అసలే అక్కర్లేని స్పేస్ బయోటెక్ కూడా ఉంది. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 1989 నుంచి నడిపిస్తున్న మెలిస్సా ప్రాజెక్టులో వ్యోమగాముల వ్యర్థాలను బ్యాక్టీరియా విడగొడుతుంది, స్పిరులినా అనే సయనోబ్యాక్టీరియా వాటితో పెరిగి ఆక్సిజన్, ఆహారం ఇస్తుంది. దాని పైలట్ ప్లాంట్ బార్సిలోనా అటానమస్ యూనివర్సిటీలో ఉంది. మీది నాచు, సయనోబ్యాక్టీరియా, ఫెర్మెంటేషన్ పని అయితే అటువైపు చూడండి. క్లినోస్టాట్ ఉన్న ల్యాబు కోసం వెతికి అలసిపోవద్దు.

ముందు తిరుపతిలోనే ఒక యంత్రం తిప్పండి

ఈ మెట్టు దాటేయకండి. నాకు ఆ ల్యాబులో చోటు వచ్చింది దీనివల్లే అనుకుంటాను.

మైక్రోవేవ్ ఓవెన్‌లో గాజు పళ్లెం తిప్పే చిన్న మోటార్ ఉంటుంది, నిమిషానికి 5 నుంచి 6 చుట్లు. రిపేరు షాపుల్లో విడిగా అడిగి కొనండి. ఓవెన్‌ను మీరే విప్పకండి, అందులోని కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు దాచుకోగలదు. వైరింగ్ ఎలక్ట్రానిక్స్ వాళ్లతో చేయించండి. మూడు పెట్రీ ప్లేట్లలో తడి ఫిల్టర్ పేపర్ వేసి, రాత్రంతా నానబెట్టిన అలసందలు మధ్యలో దగ్గర దగ్గరగా అంటించండి. ఒక ప్లేటు గోడ గడియారంలా నిలబడి తిరగాలి. రెండోది అలాంటి మోటార్ మీదే ఇసుర్రాయిలా పడుకుని తిరగాలి. మూడోది తిరగకుండా నిలబడి ఉండాలి. వెలుతురు ఒక పక్క నుంచి పడితే మొలక అటు వంగుతుంది కాబట్టి మూడింటికీ నల్ల కాగితం చుట్టండి.

కదలని ప్లేటులో వేర్లు కిందికి తిరుగుతాయి. వేరు కొనలోని కణాల్లో పిండిరేణువులు అడుగుకు చేరి 'కింద ఇటు' అని చెబుతాయి. గడియారంలా తిరిగే ప్లేటులో ఆ రేణువులకు అడుగు ఎటో తెలిసేలోపే ప్లేటు తిరిగిపోతుంది, వేర్లు దారి తప్పుతాయి. ఇసుర్రాయి ప్లేటు దేనికంటే, మోటార్ వేడి, అదురు వల్ల ఏమైనా తేడా వస్తోందా అని పట్టుకోవడానికి. దీన్ని కంట్రోల్ అంటారు. ఈ ప్లేటు లేకపోతే మీ ప్రయోగాన్ని ఎవరూ నమ్మరు.

ఒక లెక్క కూడా నేర్చుకోండి. తిరిగే వస్తువు మీద బయటికి పడే త్వరణం తిరిగే కోణీయ వేగం (సెకనుకు రేడియన్లలో) వర్గాన్ని అక్షం నుంచి దూరంతో గుణిస్తే వస్తుంది. నిమిషానికి 60 చుట్లు తిరిగే క్లినోస్టాట్‌లో అక్షానికి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న కణం మీద భూమి ఆకర్షణలో వెయ్యికి 8 వంతులు పడుతుంది. అదే వేగంలో 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టారంటే అయిదో వంతు పడుతుంది. చంద్రుడి మీద ఉండే ఆకర్షణ కన్నా ఎక్కువ! ఇక దాన్ని మైక్రోగ్రావిటీ అని ఎలా అంటారు? ఇంటర్వ్యూలో నన్ను అడిగింది సరిగ్గా ఇదే. అప్పటికే మోటార్‌తో నెలరోజులు తంటాలు పడి ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను.

దీంతోపాటు చదవాల్సిన డేటా కూడా ఉంది. నాసా జీన్‌ల్యాబ్‌లో అంతరిక్షంలో జరిగిన ప్రయోగాల జన్యు సమాచారం అందరికీ ఉచితం. మీ జీవికి దగ్గరగా ఉన్న ఒక ప్రయోగం దించుకుని మళ్లీ విశ్లేషించండి, హాస్టల్ వైఫై చాలు. అంతరిక్ష కేంద్రంలో దొరికిన బ్యాక్టీరియాలో 2021లో కొత్త జాతిని గుర్తించిన పనిలో హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఉన్నారు, మిథైలోబ్యాక్టీరియం అజ్మలి అని పేరు పెట్టారు. చదవాల్సిన పాత పని ఒకటి చెప్పమంటే సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియాది చెబుతాను. 2006లో నాసా స్పేస్ షటిల్‌లో పెరిగిన సాల్మొనెల్లా ఎలుకలకు మరింత ప్రమాదకరంగా మారింది. 2008లో మళ్లీ పంపినప్పుడు, పెంచే మీడియంలో (పోషక ద్రవంలో) లవణాలు మారిస్తే ఆ ప్రభావం తగ్గిపోయింది. అంతా గురుత్వం చేసిన పనే అనుకునే ముందు మీ మీడియం వంటకం చూసుకోవాలని నాకు తెలిసింది అక్కడే.

ఈమెయిల్

మీ ప్రొఫెసర్‌కి తెలిసిన ల్యాబు ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి, మొహమాటపడకండి. లేకపోతే గత రెండు మూడేళ్లలో మీకు కావలసిన యంత్రంతో పేపర్లు రాసిన వాళ్లను వెతకండి. పది మందికి పది వేర్వేరు ఈమెయిళ్లు రాయండి. "రెస్పెక్టెడ్ సర్, మీ ఎస్టీమ్డ్ ల్యాబొరేటరీలో" అని మొదలయ్యే ఉత్తరం వాళ్లకు రోజూ పదులకొద్దీ వస్తుంది. మొదటి వాక్యంలోనే మీ ప్రశ్న రాయండి. తర్వాత ఇక్కడ చేసింది రెండు వాక్యాల్లో, ఒక ఫోటో లేదా గ్రాఫ్‌తో. తర్వాత అక్కడ చేయాల్సిన ఆ ఒక్క పని, దానికి యంత్రం ఎన్ని రోజులు కావాలో. చివర్లో డబ్బు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలనుకుంటున్నారో. మార్కుల జాబితా అక్కర్లేదు.

రెండు వారాలు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. ఆ తర్వాత వదిలేయండి. జర్మనీ వాళ్లకు ఆగస్టులో రాస్తే సెలవుల్లో ఉంటారు, అది మీ మీద కోపం కాదు.

డబ్బు

దాదాపు ప్రతి ఫెలోషిప్‌కీ ముందు అక్కడి ల్యాబు నుంచి ఉత్తరం కావాలి, అందుకే ఈమెయిల్ తర్వాత దీన్ని పెట్టాను. జర్మనీకి డాడ్ (DAAD) గ్రాంట్లు, అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్, ఫ్రాన్స్‌కు రామన్-షార్పాక్ చూడండి. మూడు నెలల లోపు పని అయితే యూరప్ మాలిక్యులర్ బయాలజీ సంస్థ ఎంబో (EMBO) ఇచ్చే ఎక్స్ఛేంజ్ గ్రాంట్ మంచిది, మన దేశం అందులో అసోసియేట్ సభ్యురాలు కాబట్టి మనకూ వర్తిస్తుంది. మనవాళ్లు అంతగా పట్టించుకోనిది ఐక్యరాజ్యసమితి అంతరిక్ష విభాగం. బ్రెమెన్ టవర్‌లో ప్రయోగానికి డ్రాప్‌టెస్, నెదర్లాండ్స్‌లో 20 రెట్ల గురుత్వం దాకా తిప్పే 8 మీటర్ల సెంట్రిఫ్యూజ్‌కి హైపర్‌జెస్ అనే అవకాశాలు ఇస్తుంది. వీటికి ఒక్కరుగా కాదు, గైడ్‌తో కలిసి జట్టుగా వెళ్లాలి.

తేదీలు ఏటా మారతాయి, వాళ్ల వెబ్‌సైట్లలోనే చూసుకోండి. పోవాలనుకున్న నెలకు ఏడాది ముందే మొదలుపెడితే టెన్షన్ తగ్గుతుంది.

కాగితాలు

ఇంట్లో వాళ్లకి ఇదంతా వీసా పని. నిజానికి వీసా కన్నా ముందు అడ్డుపడేది మన యూనివర్సిటీ ఆఫీసు. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ మీటింగులో మీ విదేశీ పని మినిట్స్‌లో రాయించండి. దాని ఆధారంగా ఎన్ఓసీ, సెలవు ఆర్డరు అడగండి. ఫెలోషిప్ తీసుకుంటున్నవాళ్లు విదేశంలో ఉన్న నెలలకు అది ఆగుతుందా, కొనసాగుతుందా అని రాతపూర్వకంగా తెచ్చుకోండి, నోటిమాట పనికిరాదు. నా ఫైలు ఒక ఆఫీసులో అయిదు వారాలు కదలకుండా పడి ఉంది. చివరికి తెలిసిందేమంటే సంతకం పెట్టాల్సిన సారు అభ్యంతరం చెప్పలేదు, ఫైలు ఆయన టేబుల్ దాకా వెళ్లనే లేదు. అప్పటినుంచి ఫైలు నంబర్ ఫోన్‌లో రాసి పెట్టుకుని వారానికోసారి వెళ్లి "ఎక్కడుంది సార్?" అని అడిగేదాన్ని.

పాస్‌పోర్టులో పేరు చూసుకోండి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, పేపర్లలో ఇంకోలా ఉంటే, ముగ్గురు మనుషులు అనుకుంటారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే అప్లికేషన్, హోస్ట్ ఉత్తరం, ఇన్సూరెన్స్ అన్నీ రాయించండి. అక్కడ మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తారు. మొదట్లో మా నాయనను పిలుస్తున్నట్టు ఉండేది.

యూరప్‌లో 90 రోజుల లోపైతే షెంగెన్ వీసా, దాటితే ఆ దేశపు నేషనల్ వీసా, రెండింటికీ కాగితాలు వేరు. షెంగెన్‌కి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. జర్మనీ వీసా అపాయింట్‌మెంట్ మనవైపు వాళ్లకు చెన్నైలో దొరుకుతుంది. ఉదయం పది గంటలకు అపాయింట్‌మెంట్ ఉంటే ముందురోజు రాత్రికే చేరండి, పుత్తూరు, నగరి మీదుగా తెల్లవారుజామున బస్సెక్కి సమయానికి పోతామనే ధైర్యం వద్దు.

గింజలు, కల్చర్లు జేబులో వేసుకోకండి

ల్యాబు ఫ్రీజర్ నుంచి బ్యాక్టీరియా గొట్టం తీసి సూట్‌కేసులో సాక్సుల మధ్య పెట్టిన వాళ్లను ఎరుగుదును. అది రెండు దేశాల్లోనూ తప్పే. మన జీవవనరులు దేశం దాటాలంటే 2002 జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. పరిశోధనకే అయినా నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ నియమాలు చూడాలి, ఆ ఆఫీసు చెన్నై తరమణిలోనే ఉంది. రెండు ల్యాబుల మధ్య మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం కావాలి. విత్తనాలకు తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. దీనికి నెలలు పడుతుంది.

సులువైన దారి ఏమిటంటే, అదే స్ట్రెయిన్ (సూక్ష్మజీవి రకం) అక్కడి కల్చర్ బ్యాంకులో ఉందేమో చూసి హోస్ట్ ల్యాబును తెప్పించమనండి. మా చిత్తూరు అలసంద రకమే కావాలని నేను పట్టుబట్టి రెండు నెలలు పోగొట్టుకున్నాను. నా ప్రశ్నకు రకంతో పనే లేదు.

ఈ వరుసలోనే తిండి సంగతి కూడా. యూరప్‌లోకి నెయ్యి, పచ్చి కరివేపాకు తీసుకెళ్లకూడదు. చెనక్కాయల పొడి, కందిపొడి, చింతపండు, రాగిపిండి పట్టుకెళ్లండి. సంగటి కెలికే కట్టె కూడా తీసుకెళ్లాను, అక్కడ దాన్ని చూసి ఇది ఏ పరికరమని అడిగారు.

అక్కడ దిగాక

జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం లేకపోతే అది జరగదు. గది మాట్లాడుకునేటప్పుడే ఈ కాగితం ఇస్తారా అని అడగండి.

మొదటి పది రోజులు సేఫ్టీ ట్రైనింగులు, తాళాలు, పాస్‌వర్డులు. దాన్ని వృథా అనుకోకండి, యంత్రం క్యాలెండర్ ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కునే సమయం అది. ల్యాబులో మీకు అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి ప్రొఫెసర్ కాదు, టెక్నీషియన్. తనను పేరుతోనే పిలవమంటుంది, నోరు రాకపోయినా అలవాటు చేసుకోండి. అర్థం కానప్పుడు తల ఊపకండి. మన తల ఊపు వాళ్లకు అవునో కాదో అర్థం కాదు, పని మాత్రం చెడుతుంది.

నా మొదటి మూడు వారాల డేటా మొత్తం పారేయాల్సి వచ్చింది, కారణం గాలి బుడగ. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మీడియం నేరుగా గొట్టాల్లో నింపి 37 డిగ్రీల గదిలో తిప్పాను. చల్లటి ద్రవంలో ఎక్కువ గాలి కరిగి ఉంటుంది, వేడెక్కితే బుడగలుగా బయటికి వస్తుంది. తిరిగే గొట్టంలో ఒక్క బుడగ ఉన్నా అది ద్రవాన్ని గరిటెలా కలుపుతుంది. కణాలు కదలకుండా తేలుతున్నాయని నేను అనుకుంటుంటే లోపల మజ్జిగ చిలుకుతోంది! మీడియంను ముందే అదే వేడికి తెచ్చి కాసేపు నిలవనివ్వండి, అంచు దాకా నింపండి, ప్రయోగానికి ముందూ తర్వాతా ప్రతి గొట్టాన్నీ వెలుతురుకి పట్టి చూసి, బుడగ ఉందో లేదో నోట్‌బుక్‌లో రాయండి. బుడగ వచ్చిన గొట్టం లెక్కలోకి రాదు, ఫలితం ఎంత అందంగా ఉన్నా సరే.

తిరిగి వచ్చే ముందు

చివరి నెలలో కొత్త ప్రయోగం మొదలుపెట్టకండి. ఆ నెల కంట్రోళ్లు మళ్లీ చేయడానికి, డేటా సర్దడానికి. పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ ఉంటుందో, ముడి డేటా కాపీ మీ దగ్గర ఉండొచ్చో లేదో హోస్ట్‌తో, మీ గైడ్‌తో కలిపి ఒకే ఈమెయిల్‌లో రాసుకోండి. వీడ్కోలు కేక్ కోసిన రోజు కాదు, అంతకు నెల ముందే. యంత్రం డ్రాయింగులు, మోటార్ వివరాలు అడగండి, సంతోషంగా ఇస్తారు. వాటితో మీ డిపార్ట్‌మెంట్‌లోనే మెరుగైన క్లినోస్టాట్ కట్టించవచ్చు, తర్వాత వచ్చే జూనియర్‌కి మైక్రోవేవ్ మోటార్ బాధ తప్పుతుంది.

దిగిన మర్నాడే డిపార్ట్‌మెంట్‌లో జాయినింగ్ రిపోర్టు ఇవ్వండి. రెండు వైపులా బోర్డింగ్ పాసులు పారేయకండి. టికెట్ డబ్బు క్లెయిమ్ చేసేటప్పుడు అక్కౌంట్స్ సెక్షన్ మొట్టమొదట అడిగేది వాటినే.